మూట కింద ఏముంది?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

నేను చిత్రకళ చదువుకున్నదాన్ని కాదు, కేసుల వివరాలు రాసుకునేదాన్ని. కాగితాలు చదివే అలవాటుతోనే ఈ బొమ్మనూ చదివాను.

మీ చేతుల్లో తిరుగుతున్న ఈ పటం పీటర్ బ్రూగెల్ 1565-67 ప్రాంతంలో వేసిన 'అమాయక శిశువుల వధ'కు నకలు. అసలుది ఇంగ్లండు రాజకుటుంబ సేకరణలో ఉంది. కథ మత్తయి సువార్తలోది. యూదులకు రాజు పుట్టాడని విని హేరోదు బేత్లెహేములో రెండేళ్ళలోపు మగపిల్లలందర్నీ చంపించాడు. బ్రూగెల్ దాన్ని తన కాలపు నెదర్లాండ్స్ పల్లెలో, మంచు పేరుకున్న వీధిలో చూపించాడు.

జాగ్రత్తగా చూడండి. పిల్లలేరీ? ఒకామె మంచులో కూర్చుని, ఒళ్ళో మూట పెట్టుకుని ఏడుస్తోంది. సైనికులు ఈటెలతో పొడుస్తున్నది పశువుల్ని, కోళ్ళని. మూట కోసం ఎవరైనా అలా ఏడుస్తారా?

ఈ చిత్రం చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ దగ్గరికి చేరాక, పిల్లల శరీరాల మీద మూటలు, తిండిపదార్థాలు, జంతువులు వేయించారంటారు. వధ కాస్తా దోపిడీ అయింది. బ్రూగెల్ కొడుకు వేసిన నకళ్ళలో మాత్రం పిల్లలు పిల్లలుగానే ఉన్నారు. 'స్టవ్ పేలి' అని రాసిన కాగితాలు ఎన్నో చూసినవాళ్ళం, ఇదేమీ మనకు కొత్త కాదు. తల్లుల ముఖాలు దిద్దాలని ఎవరికీ తోచకపోవడమే నయమైంది.

నన్ను పట్టుకున్నది అది కాదు. ఎడమ పక్కన సైనికుణ్ణి బతిమాలుతున్న ఆలుమగల్ని చూడండి. కొడుకును వదిలెయ్, కావాలంటే కూతుర్ని తీసుకుపో అంటున్నట్టుందని చిత్రాన్ని పరిశీలించినవాళ్ళు చెబుతారు. ఆ చంటివాడు ఇప్పుడొక పెద్ద పక్షి. అమ్మాయి మాత్రం అమ్మాయిగానే ఉంది. చావుల్నే కదా కప్పారు, ఆమె బతికే ఉంది కదా అంటారేమో. నిజమే. కానీ, ఇక్కడ ఘోరమేమీ జరగలేదని చూపించదలచినవాళ్ళకు ఆ పిల్ల అడ్డమనిపించలేదు. ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేను. నెత్తిమీద కత్తి ఉంది.

ఇది చూసిన రాత్రి నా పాత ఫైలొకటి తీశాను. అప్పు తీరక, కొడుకు చదువు ఆగిపోతుందని, పద్నాలుగేళ్ళ కూతుర్ని అప్పిచ్చినవాడి బంధువుకు కట్టబెట్టిన ఇల్లు అది. తర్వాత ఆ పిల్ల దెబ్బలు తిని మా దగ్గరికొచ్చింది. దెబ్బలన్నీ తేదీలతో సహా రాశాను. పెళ్ళి సంగతి మాత్రం 'కుటుంబ పరిస్థితుల వల్ల' అని రెండు ముక్కల్లో తేల్చేశాను. కొడుకు చదువన్న మాటే లేదు. ఎవరూ నన్ను దాచమనలేదు. ఆ మూట నేనే కట్టాను.

మొన్న దాన్ని తిరగరాశాను. మీరు తెచ్చుకున్న కేసు కాగితాలు కూడా తియ్యండి. ముందు నాదే చదువుతాను.