వేవిళ్ళు - కోరికలు - బరువు

(మన సంఘము వారి మహిళా సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగా కవిత్వమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. ఈ మారు గర్భిణుల వేవిళ్ళను గూర్చి మాటలాడుమని కార్యవర్గము వారు కోరినప్పుడు, పురుషులు కూడ వచ్చు సభలో ఈ విషయమేల యని ఒకరిద్దరు సందేహించిరట. పురుషులు వినవలసిన విషయము గనుకనే నేను అంగీకరించితిని.

మనలో పెక్కుమంది బదిలీపై పుదుచ్చేరికి వచ్చినవారము. నెల తప్పిన ఇల్లాలికి ఇచ్చట పుట్టినిల్లు లేదు. అత్తగారు విజయవాడలోనో, కాకినాడలోనో, యానాములోనో ఉందురు. భర్త ఉదయమే కార్యాలయమునకు పోవును. క్వార్టరులో ఆమె ఒంటరిగా వాంతి చేసికొనుచుండును. ఫోనులో తల్లితో చెప్పుకొన్నచో, "వేవిళ్ళే కదమ్మా, అందరికీ వచ్చేవే, కాస్త ఓర్చుకో" అని సమాధానము వచ్చును. ఆ మాట చాలమంది విషయమున నిజమే. కొందరి విషయమున మాత్రము అది ప్రాణము మీదికి తెచ్చు మాట. ఆ కొందరిని ఇంటివారు ఎట్లు గుర్తింపవలెనన్నదే నేను ముఖ్యముగా చెప్పదలచినది.

గర్భిణులలో నూటికి 70, 80 మందికి వికారమో, వాంతియో కలుగును. కడపటి ముట్టు మొదటి దినము నుండి లెక్కించినచో 6వ వారము ప్రాంతమున ఆరంభమై, 9వ వారమునకు ముదిరి, 14, 16 వారములకు చాలమందికి శాంతించును. కొందరికి 20వ వారము వరకు సాగును. ఇంగ్లీషువారు దీనికి ఉదయకాలపు జబ్బని పేరు పెట్టిరి గాని, పగలంతయు, రాత్రియు బాధపడువారే ఎక్కువ.

దీనికి కారణమేమి? ఇది స్త్రీల మనోదౌర్బల్యమనియు, గర్భము ఇష్టము లేనివారికే వాంతులు వచ్చుననియు గత శతాబ్దమున వైద్యులు సైతము కొందరు వ్రాసిరి. అమెరికాలో మార్లీనా ఫెజో అను జన్యుశాస్త్రవేత్త 1999లో గర్భవతియై, వాంతులచే కదలలేని స్థితికి వచ్చి, తుదకు బిడ్డను కోల్పోయినది. ఆనాడు తన మాటను వైద్యుడు నమ్మలేదనియు, ఇంటివారి దృష్టి తనపై నిలుపుకొనుటకే ఇట్లు చేయుచున్నదనుకొనెననియు ఆమెయే తరువాత బహిరంగముగా చెప్పినది. ఆమె ఊరకుండలేదు. తన శాస్త్రమునే ఈ వ్యాధిపై ప్రయోగించినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారితో కలసి 2023 డిసెంబరులో ఆమె ప్రకటించిన పరిశోధన వలన తేలిన దేమనగా, పిండము, మాయ పుట్టించు జి.డి.ఎఫ్.15 అను హార్మోను తల్లి రక్తమున చేరి, మెదడు అడుగు భాగములోని వాంతి కేంద్రమును రెచ్చగొట్టును. గర్భమునకు పూర్వము ఎవరి రక్తమున ఈ హార్మోను స్వల్పముగా నుండునో, వారి శరీరమునకు అది కొత్తయగుటచే బాధ తీవ్రమగును. అనగా ఒకే ఇంటిలో పెద్దకోడలికి ఏమియు కాకపోవుటయు, చిన్నకోడలు మంచము పట్టుటయు వారి ఓర్పులోని భేదము కాదు, రక్తములోని భేదము.

ఇక ఇంటిలో చేయదగినవి. నిద్ర లేచిన వెంటనే లేచి నిలువరాదు. పడకపైననే ఏదేని పొడి పదార్థము నాలుగు ముద్దలు నమిలి, పావుగంట ఆగి లేవవలెను. మరమరాలు, పేలాలు, రస్కులు ఇందుకు పనికివచ్చును. మన ఊరిలో ఫ్రెంచివారు విడిచిపోయిన పొడుగాటి రొట్టె యున్నది గదా, దానిని ముక్కలు కోసి ఎండునట్లు కాల్చి డబ్బాలో పెట్టుకొన్నచో ఇంతకంటె మంచిది లేదు. కడుపు బొత్తిగా ఖాళీ కానీయరాదు, నిండనీయరాదు. రెండేసి గంటలకు కొంచెము కొంచెము తినవలెను. అన్నముతో కలిపి నీరు త్రాగక, నడుమ నడుమ గుక్కెడు గుక్కెడుగా పుచ్చుకొనవలెను. వేడి పదార్థముల వాసన ఎక్కువ. చల్లని వాటి వాసన తక్కువ. అందుచేతనే మజ్జిగ పోసిన చద్దియన్నము చాలమందికి సహించును. తమిళులు పళయ సాదమని దీనినే ప్రీతితో తిందురు. అయితే ఈ ఎండలలో అది పులిసినదో, చెడినదో చూచుకొనవలెను. అల్లపు రసము, నిమ్మకాయ ఉప్పు కొందరికి మేలు చేయును. వాంతియైన వెంటనే పండ్లు తోమరాదు; కడుపులోని ఆమ్లము పంటి పైపొరను మెత్తపరచి యుండును గనుక నీటితో పుక్కిలించి, అరగంట తరువాత తోముకొనవలెను.

వాసనల విషయము పురుషులకు సంబంధించినది. పోపు ఘాటు, కాఫీ గింజలు వేగు వాసన, గూబేరు మార్కెట్టులోని చేపల వాసన ఆ దినములలో ఆమెకు శత్రువులు. మార్కెట్టు పని మూడు నెలలు మీరే చేయుడు. వంట కూడ నేర్చుకొన్నచో మంచిదే. చారు పెట్టుట ఖాతాల తనిఖీ కంటె కష్టమైన విద్య కాదు.

మందుల మాట వచ్చినచో మన ఆడవారు భయపడుదురు. ఆ భయమునకు కారణము లేకపోలేదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడు అను మందు విక్రయమునకు వచ్చినది. గర్భిణుల వికారమునకు కూడ దానిని నిరపాయమని చెప్పి యిచ్చిరి. 1961 నవంబరులో దానిని ఉపసంహరించునప్పటికే లోకమున పదివేలకు పైగా శిశువులు కాలు సేతులు లోపించి జన్మించిరి. ఆ దారుణము పిమ్మటనే మందుల పరీక్షలు కఠినములైనవి. కాని ఒక పాపపు మందు పేరు చెప్పి అన్ని మందులను వెలివేయుట న్యాయము కాదు. బి6 విటమిను, డాక్సిలమిను కలిసిన మాత్ర 1956 నుండి అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. అది హాని చేయునని రుజువు కాకున్నను, వ్యాజ్యముల బెడదచే తయారీదారులు 1983లో దానిని నిలిపివేసిరి. మరల 2013లో అక్కడి ప్రభుత్వము అనుమతి నిచ్చినది. నేడు మన దేశమున వైద్యులు తరచుగా వ్రాయుచున్నది అదియే. డాక్టరు వ్రాసినచో వేసికొనుడు. పొరుగింటావిడ చీటీ చూచి కొనకుడు.

ఇప్పుడు ఆ కొందరిని గూర్చి. ఒక దినమంతయు గుక్కెడు నీరైనను కడుపులో నిలువకపోయినను, ఎనిమిది గంటలు మూత్రము రాకపోయినను, వచ్చినది ముదురు పసుపు రంగున కొంచెముగా నున్నను, లేచి నిలుచున్నచో కన్నులు తిరుగుచున్నను, వాంతిలో రక్తము కనిపించినను, గర్భమునకు పూర్వమున్న బరువులో నూటికి 5 పాళ్ళు తగ్గినను, అనగా 50 కిలోలుండిన ఆమె రెండున్నర కిలోలు తగ్గినను, అవి వేవిళ్ళని ఊరకుండరాదు. జ్వరము, కడుపునొప్పి, రక్తస్రావము తోడైనచో అసలే ఆలస్యము వలదు. గోరిమేడులోని జిప్‌మరుకో, ఎల్లైపిళ్ళైచావడిలోని ప్రభుత్వ స్త్రీ, శిశు వైద్యశాలకో, దగ్గరనున్న మరియొక ఆసుపత్రికో తీసికొని పోవలెను. నరముల ద్వారా ద్రవములిచ్చినచో చాలమంది ఒకటి రెండు దినములలో తేరుకొందురు.

ఇందులో తెలుగువారికి ప్రత్యేకముగా జ్ఞాపకము రావలసిన దొకటున్నది. పూర్వము ఉత్తర సర్కారులలో బెరిబెరి అను వ్యాధి ప్రబలముగా నుండెను. మాల్కంసన్ అను వైద్యుడు 1835లో మద్రాసున దానిపై గ్రంథమే ప్రకటించెను. బి1 విటమిను లోపము దానికి మూలమని తరువాత తెలిసినది. 1918లో కూనూరున బెరిబెరి విచారణకై వెలసిన చిన్న ప్రయోగశాలయే పెరిగి పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. శరీరమున ఈ విటమిను నిల్వ రెండు మూడు వారములకు మించి యుండదు. వారముల తరబడి వాంతులగు స్త్రీకి అది ఎండిపోవును. అట్టి స్థితిలో బి1 ఇయ్యక కేవలము గ్లూకోజు ఎక్కించినచో మెదడునకు దెబ్బ తగులవచ్చును. చూపు రెండుగా కనిపించుట, అడుగు తూలుట, మాట తడబడుట దాని గుర్తులు. "మూడు వారములుగా వాంతులండి, బి1 ఇచ్చినారా?" యని వినయముగా అడుగుటకు ఏ భర్తయు సంకోచింపనక్కరలేదు.

కోరికల సంగతి కొంత సరసమైనది. మన ప్రాచీనులు గర్భిణి కోరికను దోహదమనిరి. ఆమెకు రెండు హృదయములున్నవి గనుక దౌహృదిని యని సుశ్రుతుడు పేర్కొని, కోరిక తీర్పనిచో శిశువునకు అంగవైకల్యము కలుగునని వ్రాసెను. ఇది నిజము కాదని నేడు మనకు తెలియును. కోరినది దొరకనందున ఏ బిడ్డయు అవిటిది కాలేదు. చరకుడు చెప్పినది మాత్రము నేటికిని చక్కని సలహా: హితము కానిదానిని వారింపవలెను, కోరిక మరీ తీవ్రమైనచో హితమైనదానితో కలిపి కొంచెము పెట్టవలెను. సీతమ్మవారు ముని ఆశ్రమములు చూడవలెనని కోరినది. ఆ కోరికను ఎట్లు తీర్చిరో 1963 నాటి లవకుశ చిత్రము చూచి కన్నీరు పెట్టిన వారికి నేను చెప్పనక్కరలేదు.

పుల్లనివి, కారపువి కోరుట సహజము. మామిడికాయ, ఉసిరికాయ తిననిండు. ఊరగాయలో ఉప్పు ఎక్కువ గనుక పరిమితి యుండవలెను. గోంగూర కావలెనని మారాము చేయునామెకు ఇచ్చటి సంతలో పులిచ్చ కీరై అని అడిగి తెచ్చి యిండు. బాగుగా పండిన బొప్పాయి కొద్దిగా తిన్నందున గర్భము పోదు. పాలుకారు పచ్చికాయను మాత్రము మానవలెను. కుంకుమపువ్వు వలన బిడ్డ తెల్లగా పుట్టుననుట వ్యాపారుల మేలుకై పుట్టిన మాట.

కాని మట్టి, బలపము, ముగ్గుపిండి, విబూది, పచ్చి బియ్యము, మంచుగడ్డలు తినవలెనని కోరినచో నవ్వి ఊరకుండకుడు. రఘువంశమున సుదక్షిణాదేవి మట్టి తిన్నది. పుట్టబోవువాడు భూమి నేలవలసినవాడు గనుక నని కాళిదాసు సమర్థించెను. కవి గనుక చెల్లినది. నేటి వైద్యుడైనచో ఆమె రక్తము పరీక్షింపుమనును. ఇట్టి కోరికలు తరచుగా ఇనుము లోపించిన రక్తహీనతలో కనిపించును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. మట్టి వలన నులిపురుగులు, సీసపు విషము కూడ సంక్రమింపవచ్చును. మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లపు మాత్రను మానరాదు. ఇనుము మాత్ర సాధారణముగా నాలుగవ నెల నుండి ఇత్తురు. అది వికారము పెంచినచో పారవేయక, రాత్రి పరుండబోవునప్పుడు వేసికొనవచ్చునేమో డాక్టరు నడుగుడు. కాఫీతోను, టీతోను మాత్రము వేసికొనరాదు. ఇనుము ఒంటికి పట్టదు.

బరువు విషయమున రెండు విపరీతములు చూచుచున్నాము. తిననిచో బిడ్డ చిక్కునని ఏడ్చుచున్న పిల్లకు బలవంతముగా ముద్దలు పెట్టుట ఒకటి. మూడు నెలలలో సాధారణముగా పెరుగవలసినది అర కిలో మొదలు రెండు కిలోల వరకే. కొంచెము తగ్గినను, నీరు నిలిచినంత వరకు బిడ్డకు లోటు రాదు. అప్పటికి శిశువు నిమ్మకాయంత యుండును. ఇద్దరి తిండి తినవలెననుట రెండవది. వికారము అణచుటకని గంటకొక మారు బిస్కట్టులు, మిఠాయిలు తిని ఏడెనిమిది కిలోలు పెరిగినవారున్నారు. జాతీయ పోషకాహార సంస్థ వారు గర్భిణికి అదనముగా చెప్పినది దినమునకు 350 కేలరీలు. రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు, ఒక అరటిపండు ఇంచుమించు అంతే యగును. అదియును నాలుగవ నెల నుండి ముఖ్యము. మొత్తము తొమ్మిది నెలలకు సాధారణపు బరువు గలవారికి 10, 12 కిలోలు పెరుగవలెనని మన వైద్యులు చెప్పుదురు. ముందే లావుగా నున్నవారికి ఇంకను తక్కువ చాలును.

మనవారికి మధుమేహపు భయము ఎక్కువ గనుక తొలి పరీక్షలోనే 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటల పిమ్మట రక్తము చూతురు. 140 గాని, మించి గాని యున్నచో జాగ్రత్త చెప్పుదురు. వేవిళ్ళలో ఆ తీపి నీరు త్రాగుట యమయాతన. త్రాగిన అరగంటలోపల వాంతియైనచో మరునాడు తిరిగి చేయవలెను. తరువాతనైనచో పరీక్ష కొనసాగించవచ్చును. సిగ్గుపడి వాంతియైన సంగతి దాచినచో వచ్చు అంకె తప్పగును.

మన ఉద్యోగములకు సంబంధించిన మాట యొకటి. కేంద్ర ప్రభుత్వపు మహిళా ఉద్యోగికి ఇద్దరు బిడ్డల లోపు 180 దినముల ప్రసూతి సెలవు 2008 నుండి లభించుచున్నది. దానిని ఎవరైనను ప్రసవమునకై దాచుకొందురు గాని మూడవ నెలలో వాడరు. భర్తకు 15 దినముల పితృత్వపు సెలవున్నది. అదియు ప్రసవమునకు ముందు 15 దినముల నుండి, తరువాత ఆరు మాసముల లోపుననే తీసికొనవలెను. అనగా అత్యంత కష్టమైన మాసములు ఈ రెండు నిబంధనలకును వెలుపలనే యున్నవి. ఆ దినములకు మిగిలినది ఆర్జిత సెలవు, వైద్యుని యోగ్యతాపత్రముపై దొరకు సెలవు, పై అధికారి మంచితనము. ఈ సభలో అధికారులు కూడ ఉన్నారు గనుక చెప్పుచున్నాను: పదిన్నరకు వచ్చి ఏడింటివరకు పనిచేయుదునను గర్భిణికి అనుమతి నిచ్చినచో ఏ ఫైలునకు నష్టము రాదు.

తుదకు భాష. తమిళము రాని ఇల్లాలు ఆసుపత్రిలో చెప్పుకొనలేక తల వంచుకొనుట కద్దు. వేవిళ్ళకు వారు మశక్కై యందురు. తల తిరుగుటకు మయక్కము. వాంతి ఉభయులకు వాంతియే. అదియు కష్టమైనచో ఒక కాగితమున నాలుగు గడులు గీసి ప్రతి దినము వ్రాయుడు: తేదీ, వాంతులెన్ని, నిలిచిన నీరు ఎన్ని గ్లాసులు, మూత్రము ఎన్ని మారులు. వారమునకొక మారు ఒకే తూనికపై బరువు చూచి అడుగున వేయుడు. ఆ అంకెలను ఏ భాష డాక్టరైనను చదువగలడు.