టెస్టుకే టెస్టు

 

నేను చేసేది సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని. అంతకంటే ఎక్కువగా, ఆ పరీక్షించే టెస్టులనే పరీక్షించడం.

పదో తరగతి ఫలితాల ప్రోగ్రాం తీసుకోండి. 35 గానీ ఆపైన గానీ వస్తే పాస్. 20 మార్కులతో ఒకటి, 60తో ఒకటి టెస్టులు పెట్టాం. జవాబులు సరిగానే వచ్చాయి. ఇప్పుడు కావాలనే ప్రోగ్రాంలో ఒక తప్పు చొప్పిద్దాం: "35 దాటితేనే పాస్". ఇలా మార్చిన నకలును మ్యూటెంట్ అంటారు. మన రెండు టెస్టులూ దీన్ని కూడా సరేనంటాయి! సరిగ్గా 35 తెచ్చుకున్న పిల్లవాడు తప్పినా వాటికి పట్టదు. 35తో మూడో టెస్టు పెడితే మ్యూటెంట్ దొరుకుతుంది. మా భాషలో "చచ్చింది" అంటాం. 1971లో విద్యార్థిగా ఉన్నప్పుడే రిచర్డ్ లిప్టన్‌కు తట్టిన ఆలోచన ఇది.

చిక్కేమిటంటే, కొన్ని మ్యూటెంట్లు ఏం చేసినా చావవు. క్లాసులో అత్యధిక మార్కు ఎంతో కనుక్కోవాలి. ఒక్కో పేపరూ తిప్పుతూ, అంతకుముందు దానికంటే ఎక్కువ కనిపిస్తే రాసుకుంటాం. "ఎక్కువ" అన్నదాన్ని "ఎక్కువ లేదా సమానం" చేయండి. 92 కొట్టేసి మళ్లీ 92 రాస్తాం, అంతే. జవాబు మారదు. ఇది ఈక్వివలెంట్ మ్యూటెంట్. అసలు తప్పే కానిదాన్ని ఏ టెస్టు పట్టుకుంటుంది?

అదే, మార్కు కాక ఫస్టు వచ్చినవాడి పేరు అడిగారనుకోండి. ఇద్దరికి 92 వస్తే అసలు ప్రోగ్రాం ముందున్నవాడి పేరు చెబుతుంది, మార్చినది వెనకవాడి పేరు చెబుతుంది. మార్పు అదే, కానీ ఈసారి బహుమతి చేతులు మారింది.

ఏది సమానమో అన్ని సందర్భాల్లోనూ తేల్చగల ప్రోగ్రాం ఉండదని 1982లో బడ్, ఆంగ్లూయిన్ చూపించారు. కొన్నింటిని యంత్రమే ఏరేస్తుంది. మిగిలినవి మనిషి కూర్చుని చదవాల్సిందే.

మా రంగంలో పేచీ అంతా ఇక్కడే. "నూటికి నూరూ చావాలి" అని పైవాళ్లు లక్ష్యం పెడితే, కుర్రాళ్లు తేలనివన్నీ "సమానం" అని రాసి పక్కన పడేస్తారు. ఆ ఫస్టు ర్యాంకు లాంటివి అందులోనే దాక్కుంటాయి. అందుకే నేను స్కోరు అడగను. ఎందుకు సమానమో రెండు వాక్యాలు రాయమంటాను, ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. ఆలస్యమవుతుంది, విసుక్కుంటారు కూడా. స్టెప్పులు లేకుండా జవాబొక్కటే రాస్తే మార్కులివ్వని మన లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి, ఈ పద్ధతి నా సొంతమని మాత్రం చెప్పుకోలేను.