పేరు వెనుక అక్షరాలు

ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం



ఉద్యోగాలకు వచ్చే బయోడేటాలు చదవడం నా పని. మన పుదూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ పిల్లలది కనబడితే ఇంకాస్త శ్రద్ధగా చదువుతాను. వాటిలో పేరు వెనుక అక్షరాల వరుస పెరిగిపోతోంది. బి.కామ్. పక్కన ఒక్కరోజు శిబిరంలో ఇచ్చిన సర్టిఫికెట్ కూడా చేరుతోంది. ఈమెయిలు కింద సంతకంలోనూ అంతే. అక్కడ పేరు, కోర్సు, కాలేజీ, ఫోను నంబరు ఉంటే చాలు.

పరీక్ష రాసి పాసైనది వేరు, వెళ్లి కూర్చున్నందుకు ఇచ్చిన కాగితం వేరు. రెండోదాన్ని బయోడేటాలో 'శిక్షణ' కింద రాయండి.

సి.ఎ. చదివే పిల్లలు ముఖ్యంగా వినాలి. ఇంటర్మీడియట్ పాసైతే ఆ మాటే నెల, సంవత్సరంతో సహా రాయండి. అది చిన్న విషయమేమీ కాదు. కానీ పేరుకు సి.ఎ. తగిలించకూడదు. ఫైనల్ పాసైనా ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం వచ్చేదాకా ఆగాలి. సభ్యులు కానివారు చార్టర్డ్ అకౌంటెంట్ అని చెప్పుకోవడం 1949 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం.

కంప్యూటర్ సర్టిఫికెట్లకు గడువుంటుంది. సి.సి.ఎన్.ఎ. 3 ఏళ్లే చెల్లుతుంది. గడువు దాటితే సంతకంలోంచి తీసేయండి, బయోడేటాలో తేదీలతో ఉంచండి. నంబరు కొట్టి సరిచూడడం మాకు రెండు నిమిషాల పని. అబద్ధమని తేలితే మార్కులెన్ని ఉన్నా ఆ బయోడేటా పక్కకు పోతుంది.

దీనికి ఎదురుగా ఇంకొకటి. మన ఆడపిల్లలు తమిళం, ఇంగ్లీషు టైపురైటింగ్ రెండూ సీనియర్ గ్రేడ్ పాసై, పాతకాలపు చదువని సిగ్గుపడి రాయకుండా వదిలేస్తున్నారు. అమ్మా, అది ప్రభుత్వ పరీక్ష. టి.ఎన్.పి.ఎస్.సి. గ్రూప్-4లో టైపిస్టు ఉద్యోగానికి అడిగేది దాన్నే. మొదటి పేజీలోనే రాయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. నల్లరేగడిలో మినుములు, మిరప పండించిన డబ్బు తెచ్చి కోర్సులకు కడుతున్నారు. కట్టే ముందు అడగండి: పరీక్ష పెట్టేది ఎవరు? సర్టిఫికెట్ ఎన్నేళ్లు చెల్లుతుంది? నంబరు ఎక్కడ సరిచూడాలి? 'ఉద్యోగం గ్యారంటీ' అన్నది ఈ మూడింటిలో దేనికీ జవాబు కాదు.

బయోడేటా వెంట తెచ్చుకున్న పిల్లలు భోజనాలయ్యాక నా దగ్గరకు రండి. పెన్సిలు తెచ్చాను.