బడి గోడ బాకీ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంజనీరును కాబట్టి గోడల గురించే మాట్లాడతాను.

మనం చదువుకునే రోజుల్లో కరీంనగర్ గోడలు పత్రికల్లా ఉండేవి. పగలు చూస్తే కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, సినిమా పోస్టర్లు. తెల్లారేసరికి వాటి పక్కన ఎర్ర నినాదం. సాయంత్రానికి దాని మీద సున్నం. గోడ రాత అంటే పెద్దలు భయపడే కాలమది.

అప్పుడు మన డ్రాయింగ్ సార్ జాజు, సున్నం, నీలిమందు కలిపిచ్చి బడి గోడ మీద మనతో బొమ్మలు వేయించారు. ఒకరు నెమలి ఈకల టోపీతో గుస్సాడీని వేస్తే, ఒకరు నిర్మల్ కొయ్యబొమ్మలు వేశారు. నేను ఎలగందుల కోట గీశాను. బురుజు వంకర పోతే సార్ నవ్వి, "కట్టినోడు నీకన్న నయం బిడ్డా" అన్నారు.

ఉద్యోగంలో చేరాక ఆ గోడ మరమ్మతు నా చేతికే వచ్చింది. చౌడు పట్టి పెచ్చులూడుతోంది. గీకించి, ప్లాస్టరింగ్ చేయించి, తెల్లరంగు కొట్టించాను. ఒక్క ఫోటో కూడా తీయలేదు. సైకిల్ మీద పోతూ సార్ ఆగి, "గోడ గట్టిగయిందా?" అని మాత్రం అడిగారు. అయిందని చెప్పాను.

2017లో కరీంనగర్ స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. ఇప్పుడు ఊళ్ళో గోడల మీద బొమ్మలు చూస్తే సంతోషమేస్తుంది. నా కళ్ళు మాత్రం గోడ అడుగుకే పోతాయి. నేల చెమ్మ పైకి పాకుతుంది. దానితో వచ్చిన ఉప్పు, నీరు ఆరినచోట పొంగి రంగును నెట్టేస్తుంది. కొత్త ప్లాస్టర్ ఆరకముందే రంగేసినా నిలవదు. అలా పోయిన బొమ్మకు తప్పు చిత్రకారుడిది కాదు, గోడ చూసుకోవలసిన మాబోటి వాళ్ళది.

అందుకే ఒక మనవి. మన బడి గోడకు పైన కోపింగ్, అడుగున నీరు నిలవకుండా వాలు, ప్లాస్టర్ ఆరాక ప్రైమర్ నా ఖర్చుతో చేయిస్తాను. బొమ్మలు పిల్లలే వేయాలి. పొనికి కర్ర బొమ్మలకు రంగులద్దే నిర్మల్ కళాకారులను పిలిచి, తగిన కూలి ఇచ్చి నేర్పిద్దాం. పండుగకు ఇల్లు అలికి కొత్త ముగ్గేసినట్టు, ఏటా పదో తరగతి వాళ్ళు వెలిసిన రంగు దిద్దాలి. వేసినవాళ్ళ పేర్లు కింద రాయాలి.

ఒక మూల రెండడుగుల జాగా నాకు వదలండి. అక్కడ సార్ పేరు రాసి, పక్కన బురుజు గీస్తాను. వంకరొచ్చినా ఈసారి సున్నం కొట్టించను.

సెలవు.