కౌన్సెలింగ్ అంటే వెబ్ ఆప్షన్సేనా?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా తొమ్మిది, పది చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. ఇంటర్ దాటేసినవాళ్లు కూడా చూడండి, ఇంట్లో మీ తర్వాత ఒకళ్లు ఉంటారు కదా.

మన రెండు రాష్ట్రాల్లో ఎవరి దగ్గరైనా "కౌన్సెలింగ్" అనండి. వెంటనే ఎంసెట్ అంటారు. పేరు మారి చాలా రోజులైంది, ఆంధ్రాలో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్, కానీ ఇళ్లల్లో ఇంకా ఎంసెట్టే. స్లాట్ బుకింగ్, సర్టిఫికెట్ వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్స్, ఫ్రీజింగ్. నెట్ సెంటర్‌లో అన్నయ్య టైప్ చేస్తుంటాడు, వెనకాల నాన్న, మావయ్య, పక్కింటి అంకుల్ నిలబడి "ఆ కాలేజీ పైకి పెట్టు" అంటుంటారు. దీన్నే మనం కౌన్సెలింగ్ అంటున్నాం. ఇందులో ఎక్కడైనా ఒక మనిషి మీ ఎదురుగా కూర్చుని, నీకేం ఇష్టం, ఎక్కడ కష్టంగా ఉంది, ఇంట్లో పరిస్థితేంటి అని అడుగుతారా? అడగరు. అది సీట్లు పంచే పని. కావాల్సిన పనే, కాదనట్లేదు. కానీ అసలు నిర్ణయం అప్పటికి రెండేళ్ల కిందటే అయిపోయి ఉంటుంది. పది అవ్వగానే గ్రూప్ తీసుకున్నారే, అక్కడ.

మరి ఆ టైంలో పదిహేనేళ్ల పిల్లాడి భవిష్యత్తు గురించి ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడేది ఎవరు? కాలేజీ పీఆర్వో. పది పరీక్షలు రాయకముందే బ్రోషర్ పట్టుకుని వచ్చేస్తాడు. "ఇప్పుడు సీటు రిజర్వ్ చేసుకుంటే ఫీజులో తగ్గిస్తాం సార్." పాపం ఆయన్ని అనడానికేం లేదు, ఆయనకీ టార్గెట్ ఉంటుంది. నా పదో తరగతప్పుడు మా ఇంటికి అలా ముగ్గురొచ్చారు. ముగ్గురూ మా నాన్నతోనే మాట్లాడారు. నేను అక్కడే కుర్చీలో కూర్చున్నా. నా మార్కులడిగారు గానీ, నన్ను ఏమీ అడగలేదు.

స్కూల్లో ఒక కౌన్సెలర్ ఉంటే ఏం చేస్తారు? మంచి కౌన్సెలర్ ఎవరూ "ఎంపీసీ తీసుకో" అని చెప్పరు. ముందు వింటారు. ఎవరూ చెప్పకుండానే నువ్వు తెరిచే పుస్తకం ఏది? నీకు మ్యాథ్స్ అంటే భయమా, మ్యాథ్స్ సార్ అంటే భయమా? రెండూ ఒకటి కాదు. సార్ అంటే భయమైతే గ్రూప్ మార్చుకోవాల్సిన పని లేదు. బయాలజీ ఇష్టమా, లేక మెడలో స్టెతస్కోప్ ఉన్న ఫొటో ఇష్టమా? హాస్టల్లో ఉండగలవా? ఇవన్నీ అడిగాక, ఏ దారిలో వెళ్తే ఏ తలుపు మూసుకుపోతుంది, ఏది తెరిచే ఉంటుంది అన్నది చెప్తారు.

ఈ తలుపుల సంగతి చాలామందికి సగమే తెలుసు. సీఈసీ తీసుకుంటే ఇంజనీరింగ్ వైపు వెళ్లడం కుదరదు, ఇది అందరికీ తెలుసు. కానీ సీఏ ఫౌండేషన్‌కి, లా కోసం రాసే క్లాట్‌కి ఇంటర్లో ఫలానా గ్రూపే ఉండాలని లేదు. నిఫ్ట్‌లో డిజైన్ కోర్సుకీ అంతే. ఎన్‌డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా పర్లేదు, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. చెల్లెళ్లూ, 2022 నుంచి అమ్మాయిలు కూడా ఎన్‌డీఏలో చేరుతున్నారు, ఇది మీ క్లాస్‌లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇంకోటి పాలిటెక్నిక్. మన దగ్గర దీన్ని మార్కులు రానివాళ్ల కోసం అన్నట్టు చూస్తారు, నాకు అది వింటే ఒళ్లు మండుతుంది. లెక్క వేద్దాం. ఇంటర్ 2, బీటెక్ 4, మొత్తం 6 ఏళ్లు. పాలిసెట్ రాసి డిప్లొమా చేస్తే 3, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఇంకో 3. అదీ 6 ఏళ్లే. మధ్యలో ఇంట్లో ఏదైనా కష్టమొచ్చి ఆగాల్సొస్తే చేతిలో డిప్లొమా ఉంటుంది. ఇంటర్ ఎంపీసీ మెమోతో అప్పటికప్పుడు ఎవరు ఉద్యోగమిస్తారు? నేను జాబ్ చేసినప్పుడు మా టీమ్‌లో ఈసెట్ ద్వారా వచ్చినవాళ్లు ఇద్దరు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మేం ముందు ఫోన్ చేసేది వాళ్లకే.

2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు కూడా ఉన్నాయి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం. పది మార్కుల మీదే సీటు, ఆరేళ్ల చదువు ఒకేచోట. ఈ దారి ఉందని ఊళ్లో ఒక టీచర్ చెప్తే తెలుస్తుంది, లేకపోతే తేదీ దాటాక తెలుస్తుంది. తేడా అంత చిన్నది.

ఇక కొంచెం బరువైన విషయం. విశాఖలో నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానాలి. విద్యార్థులకీ, తల్లిదండ్రులకీ కూడా క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలి. తల్లిదండ్రులకి కూడా అన్న ముక్క నాకు చాలా నచ్చింది. ఎందుకంటే మన ఇళ్లల్లో గ్రూప్ తీసుకునేది ఎక్కువసార్లు వాళ్లే కదా.

కాబట్టి ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మీ అమ్మానాన్నలతో ఒక్క ప్రశ్న అడిగించండి: "సార్, మన స్కూల్లో కౌన్సెలర్ ఎవరు? ఏ రోజు వస్తారు?" ఏసీ క్లాస్‌రూమా కాదా అని అడుగుతున్నాం, ఇది అడగడానికి మొహమాటమెందుకు?

కౌన్సెలర్ లేరా? అయితే ఈలోపు మీరే చేయగలిగినవి ఉన్నాయి. ఫోన్‌లో పది నిమిషాల ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి "నేను ఆర్కిటెక్ట్ అంట" అనేసుకోకండి. అంతకంటే, సీనియర్ దగ్గర తెలుగు అకాడమీ ఇంటర్ ఫస్టియర్ పుస్తకాలు రెండు రోజులకి తీసుకోండి. ఫిజిక్స్‌లో ఒక చాప్టర్, బోటనీలో ఒకటి, ఎకనామిక్స్‌లో ఒకటి చదవండి. అర్థం కాకపోయినా పర్లేదు. ఏది చదువుతుంటే టైం తెలియలేదో చూడండి చాలు.

ఆ కాలేజీలో చదువుతున్నవాళ్లతో మాట్లాడండి. ఫ్లెక్సీ మీదున్న ర్యాంకర్‌తో కాదు, మీలాగే మార్కులొచ్చేవాడితో. పొద్దున ఎన్నింటికి లేపుతారు, రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తారు, సెక్షన్ పడిపోతే ఏం జరుగుతుంది, ఇంటికి ఫోన్ చేయనిస్తారా. పీఆర్వో చెప్పని సిలబస్ అంతా వాడు ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు. అడ్వాన్స్ కట్టేముందు, ఆ కాలేజీకి ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందో లేదో బోర్డు సైట్‌లో చూడండి. మానేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి.

నాన్నతో మాట్లాడటం వీటన్నిటికంటే కష్టం, తెలుసు. "నాకిది ఇష్టం నాన్నా" అంటే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. ఆయన భయం మీ ఇష్టం గురించి కాదు, రేపు మీకు అన్నం పెడుతుందా అని. ఒక పేజీలో రాసి చూపించండి: కోర్సు ఎన్నేళ్లు, ఏ పరీక్ష, ఫీజు ఎంత, దగ్గర్లో ఎక్కడుంది, కుదరకపోతే రెండో దారి ఏంటి. ఆ రోజే ఒప్పుకుంటారని నేను గ్యారంటీ ఇవ్వను. కానీ కాగితం చేతిలో ఉంటే ఆయన కూడా ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. సార్‌నో, పిన్నినో, బాబాయినో పక్కన కూర్చోబెట్టుకోండి, ఇంకా మంచిది.

ఇప్పటికే హాస్టల్లో ఉండి, నిద్ర పట్టక, ఎవరికీ చెప్పుకోలేక ఈ వీడియో చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, ఏ టైంలోనైనా. ఫోన్ లేకపోతే వార్డెన్‌నో, నమ్మకమున్న సార్‌నో అడిగి చేయించుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో పాలిటెక్నిక్‌లో ఏ బ్రాంచ్‌లో ఏం నేర్పిస్తారో ఒక్కొక్కటీ చూద్దాం. మీ స్కూల్లో కౌన్సెలర్ ఉన్నారా లేదా, కింద రాయండి. ఉంటా మరి.