పెరట్లో కోళ్లు, పక్కింట్లో మనుషులు



గ్రంథాలయ కమిటీవారు ఈ సభకు నాకిచ్చిన విషయం ‘పెరటి కోళ్ల పెంపకం, లాభాలు’. లాభాల గురించి నేను మాట్లాడను. అవి మీ ఫోన్లలోనే ఉన్నాయి. పది పెట్టలతో మొదలెట్టి ఏడాది తిరిగేసరికి లక్షలు గడించినవాళ్లంతా ఆ వీడియోల్లోనే కాపురముంటారు. పశువైద్యుడిగా నా దగ్గరికొచ్చినవాళ్లు వేరు. చచ్చిన కోడిని సిమెంటు సంచిలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టేవారు, ఆ వెంటే పక్కింటాయన మీద చాడీ కూడా పెట్టేవారు. ఇవాళ వాళ్ల సంగతి చెబుతాను.

ముందు ఒక ముద్దాయి తరఫున వకాల్తా పుచ్చుకోవాలి. ఎవరంటే ముంగిస.

“రాత్రి ముంగిస పడింది డాక్టరుగారూ” అన్న మాట నా ఉద్యోగమంతా విన్నాను. రాత్రట! అయ్యా, ముంగిస పగలు తిరిగే జంతువు. పొద్దెక్కాక బయటికొస్తుంది, పొద్దుగూకేసరికి బొరియలోకి పోయి పడుకుంటుంది. అది సాధుజీవి అని నేననను. పట్టపగలు మీరు పెరట్లో బట్టలారేస్తూ ఉండగానే కోడిపిల్లను నోట కరుచుకుపోతుంది. గుడ్లు తింటుంది. గూట్లోకి సందు దొరికితే తినగలిగినదానికన్నా ఎక్కువే చంపుతుంది. అదంతా ఒప్పుకుంటాను. కానీ అర్ధరాత్రి జరిగిన హత్యకు, ఇంట్లో నిద్రపోతున్నవాణ్ని పట్టుకొచ్చి బోనులో నిలబెడితే ఎలా? పైగా ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. ఉచ్చు వేసినా, విషం పెట్టినా నేరం. ఆ విషం తినేది చివరికి ఎదురింటివారి కుక్క. అక్కణ్నుంచి మొదలవుతుంది అసలు గొడవ.

మరి రాత్రిపూట వచ్చేదెవరు? శవాన్ని చూస్తే తెలుస్తుంది. ఆడవాళ్లు మొహం తిప్పుకోనక్కర్లేదమ్మా, కూరకు కోసేటప్పుడు చూడనిది ఏమీ లేదు. ఈకలు పెరడంతా చెల్లాచెదురై, రెండు మూడు కోళ్లు చచ్చి, తినకుండా అక్కడే పడుంటే అది వీధికుక్కల పని. కోడి మొత్తం మాయమై, గోడ దాకా నాలుగైదు ఈకలు మాత్రం రాలి ఉంటే పిల్లో, చెరకు తోటల్లోంచి వచ్చే బావురుపిల్లో. తాటిచెట్ల మీదా, పాత పెంకుటిళ్ల అటకల మీదా ఉండే మానుపిల్లి కూడా రాత్రి సంచారే. గూటి పక్కన నేల తవ్వి, తాజా మట్టి కుప్ప కనబడితే పందికొక్కు. కోడిపిల్లల్ని లాక్కుపోవడంలో దాన్ని మించింది లేదు, దాని మీద మాత్రం ఒక్కరూ ఫిర్యాదు చెయ్యరు. గుడ్డు పెంకు ముక్కైనా మిగలకుండా పోతే పాము. ఒక్కోసారి చచ్చిన కోడిపిల్ల దొరుకుతుంది, దానికి తల నుంచి భుజాల దాకా తడితడిగా జిగురు పూసినట్టుంటుంది. మింగబోయి, పట్టక, వదిలేసి పోయిందన్నమాట. చూస్తే మళ్లీ మరిచిపోరు.

రాత్రిపూట వచ్చే ఈ దొంగల మీద ఒక సంగతి చెప్పాలి. అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు, అయినా చెబుతాను.

పాలకొల్లు వైపు ఒక ఊరు, పేరెందుకులెండి. ఒక పెద్దావిడ పెరట్లో నాటుకోళ్లు పెంచేది. ఒకరోజు పొద్దున్నే చూస్తే పెట్ట చచ్చిపడుంది. ఒళ్లంతా శుభ్రంగా ఉంది, తల మాత్రం లేదు. మర్నాడు ఇంకోటి, దానికీ తల లేదు. దగ్గర్లోనే అమావాస్య. దానికి తోడు గూటి పక్కన ఒక నిమ్మకాయ దొరికింది. ఇంకేం కావాలి! చేతబడి అన్నారు. పక్కింటివారితో అప్పటికే కుళాయి దగ్గర తగువుంది కాబట్టి చేసిందెవరో కూడా వెంటనే తేలిపోయింది. భూతవైద్యుణ్ని పిలిచారు. ఆయన డబ్బు తీసుకుని గూటికి నల్లతాడు కట్టి పోయాడు. ఆ రాత్రి మూడో కోడి తల పోయింది. అప్పుడు గుర్తొచ్చాను నేను. రోగం కుదర్చడానికి కాదు, పోస్టుమార్టం చేసి కాగితం రాసిస్తే పోలీసులకు చూపిస్తారట!

వెళ్లాను. గూటి చుట్టూ రెండంగుళాల కన్నాల కోళ్ల మెష్. శవం ఆ మెష్‌కు ఆనుకునే పడుంది. మెడ కోసినట్టు లేదు, లాగి తెంపినట్టుంది. చర్మం పీలికలై బయటివైపుకు సాగి ఉంది. మెష్ తీగలకు బయటి పక్క మెడ ఈకలు అంటుకుని ఉన్నాయి. రాత్రిపూట కోడికి కళ్లు కనపడవు, ఎక్కడ కూర్చుంటే అక్కడే బొమ్మలా ఉండిపోతుంది. మెష్‌కు ఆనుకుని పడుకున్న కోడి తలను బయటినుంచి కన్నంలోంచి పట్టి లాగేశారు. ఒళ్లు కన్నంలో పట్టదు కాబట్టి లోపలే ఉండిపోయింది. మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. నిమ్మకాయ సంగతా? తలెత్తి చూడండన్నాను. పక్కింటివారి నిమ్మచెట్టు కొమ్మ గోడ మీదుగా సరిగ్గా గూటి నెత్తినే ఉంది.

చెబితే నమ్మరు గదా. ఇంట్లో ముగ్గుపిండి తెమ్మని గూటి చుట్టూ మూరెడు వెడల్పున పల్చగా చల్లించాను. పొద్దున్నే కబురొచ్చింది. వెళ్లి వంగి చూస్తే పిండిలో గుండ్రటి అడుగులు, ఒక్కో అడుగుకు నాలుగే వేళ్లు, గోళ్ల గీత ఎక్కడా లేదు. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. అదే ముంగిస అయితే ఐదు వేళ్లు, ముందు గోళ్ల గీతలు స్పష్టంగా పడతాయి. కాపుసారా కాసేవాణ్ని పట్టుకున్నంత సంబరంగా అందరూ ఆ అడుగుల వెంట పోయారు. అవి గోడెక్కి, పక్కింటి సన్‌షేడ్ మీద పడుకున్న ఒక గోధుమరంగు గండుపిల్లి దగ్గర ఆగాయి. అదెవరి పిల్లి? ఎవరిదీ కాదు. ఈవిడ పాలన్నం పెడుతుంది, ఆవిడ చేప తలకాయలు వేస్తుంది.

అర అంగుళం వెల్డ్ మెష్ వేయించి, కోళ్లు కూర్చునే కర్రను మెష్‌కు జానెడున్నర లోపలికి జరిపించాను. తలలు పోవడం ఆగింది. రెండిళ్లకీ మాటలు కలిశాయా అంటే, కలిసి మళ్లీ చెడ్డాయి. భూతవైద్యుడికిచ్చిన డబ్బు ఎవరు భరించాలన్న దగ్గర తేలలేదట.

ఇందులోంచి మీరు పట్టుకెళ్లవలసింది ఏమిటంటే, ఆ రెండంగుళాల మెష్ కోడి బయటికి పోకుండా ఆపడానికే పనికొస్తుంది, శత్రువు చెయ్యి లోపలికి రాకుండా ఆపదు. కిందనుంచి తవ్వి రాకుండా గూటి చుట్టూ అడుగున్నర వెడల్పు మెష్‌ను నేల మీద బయటివైపుకు పరిచి, మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి రాదు. తలుపుకు గొళ్లెం వేస్తే చాలదు, కోతులున్న వీధిలో కొక్కెం కూడా కావాలి. చీకటి పడకముందే మూసెయ్యండి. సీరియలు అయ్యాక వేద్దాంలే అనుకున్న రోజే అన్నీ జరుగుతాయి.

గద్దలకు పైన పాత చేపల వల కట్టుకోండి, భేషుగ్గా ఆగుతాయి. అదే వలను నేల దాకా జారవిడవకండి. జెర్రిపోతులు అందులో చిక్కుకుని గిలగిలలాడి చస్తాయి. ఎలుకల్ని తినేదాన్ని మీరే చంపుకున్నట్టు.

పాముల మాట వచ్చింది గదా. పక్కింటివాళ్లకు మీ కోళ్ల మీద ఉన్న అసలు భయం ఇదే, అది న్యాయమైన భయం కూడా. “కోళ్లున్నచోటికి పాములొస్తాయి” అంటారు. వస్తాయి. చాలాసార్లు కోడి కోసం రావు. మీరు పొద్దున గుప్పెళ్లతో నూకలు చల్లుతారు, సగం మిగిలిపోతాయి. రాత్రి వాటికోసం ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక నాగుపాము వస్తుంది. దానికి మీ గోడా పక్కింటి గోడా ఒకటే. అరగంటలో తినేంత మేతే వెయ్యండి, మిగిలింది సాయంత్రం ఎత్తెయ్యండి, మేతను మూతలేని డబ్బాలో ఉంచకండి. గూడు చుట్టూ ఫినాయిల్ చల్లితే పాము రాదనేది ఒట్టి భ్రమ. దాంతో జబ్బు పడేది కోడే. వెల్లుల్లి సంగతి అడగబోతున్నట్టున్నారు ఆ మూలనున్న మాస్టారు. వెల్లుల్లి పచ్చట్లో వేసుకోండి మాస్టారూ.

ఇక పుంజు. కోళ్ల విషయంలో ఇరుగుపొరుగు తగవుల్లో పెద్ద భాగం దీనిదే. ముందు ఒక మాట. గుడ్లు పెట్టడానికి పెట్టకు పుంజు అక్కర్లేదు. పిల్లలు కావాలంటేనే కావాలి. ఈ సంగతి డిగ్రీలు చదివినవాళ్లకు కూడా చెప్పవలసి రావడం నాకు చికాకు. గుడ్ల కోసమే అయితే పుంజును తీసెయ్యండి, తగవు అక్కడికక్కడే తెగుతుంది. సంక్రాంతి పందేలకని డాబా మీద డేగ పుంజులనీ, కాకి పుంజులనీ కాలికి తాడు కట్టి పెంచేవాళ్లతో నేను మాట్లాడను. వాళ్లకు బాదంపప్పులు ఎన్ని పెట్టాలో తెలుసు, పక్కింట్లో పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారన్నది తెలీదు.

పుంజు తెల్లవారితే కూస్తుందనుకుంటారు. గూటికి గోనెసంచి కప్పేస్తే కూయదని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంవారు 2013లో చూపించారు: వెలుగు మారకుండా ఎప్పుడూ మసకగానే ఉంచిన గదిలో కూడా పుంజులు రోజు లెక్క తప్పకుండా కూశాయి. దాని ఒంట్లోనే గడియారముంది. వెలుతురు రావడానికి రెండు గంటల ముందునుంచే మొదలెడుతుంది. 2015లో ఇంకోటి కనిపెట్టారు: నాలుగు పుంజులున్నచోట ముందు కూసేది పెద్దరికం ఉన్న పుంజు, మిగతావి దాని తర్వాత వరసలో కూస్తాయి. మన సభల్లో మాత్రం ఆ క్రమశిక్షణ లేదు. దగ్గరగా నిలబడి కొలిస్తే ఆ కూత వంద డెసిబెల్స్ దాటుతుంది. నోరు పూర్తిగా తెరిచినప్పుడు దాని చెవి రంధ్రం దానంతటదే మూసుకుంటుంది. దానికి ఆ సౌకర్యముంది, పక్కింటాయనకు లేదు.

కోర్టులదాకా పోవచ్చా అంటే పోయారు. 2019లో ఫ్రాన్సులో మోరిస్ అనే పుంజు మీద పొరుగువాళ్లు కేసు వేస్తే పుంజే గెలిచింది. మన దేశంలోనే కేరళలో, అడూరులో, 2025లో కథ తిరగబడింది. డాబా పైనున్న కోళ్ల గూటిని పద్నాలుగు రోజుల్లో అక్కణ్నుంచి మార్చమని ఆర్డీవో ఉత్తర్వు ఇచ్చారు. కాబట్టి న్యాయం ఎటుంటుందో తెలీదు. గూడు పక్కింటి పడగ్గది కిటికీకి దూరంగా పెట్టుకోవడం ఖర్చు లేని పని.

చీటీ వచ్చింది. పది నిమిషాలట. సరే, మిగతావి గబగబా.

వాసన. అది కోడిది కాదు, తడిది. గూట్లో రెండు మూడంగుళాల ఊక పరిచి, వారానికి రెండుసార్లు కలియబెట్టి, నీళ్ల తొట్టి కింద తడిసినది ఎప్పటికప్పుడు తీసేస్తే ముక్కు మూసుకోనక్కర్లేదు. ఈగలూ తగ్గుతాయి. ఎరువు పక్కింటివాళ్ల మందారాలకు ఇవ్వండి, అయితే మురగబెట్టిన తర్వాతే. పచ్చిది వేస్తే మొక్క మాడుతుంది, ఆ తగవు మళ్లీ వేరు.

గుడ్డు పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, బలాన్ని బట్టి కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా పెట్ట గోధుమరంగు గుడ్డే పెడుతుంది. సంతలో దాన్ని నాటుగుడ్డని అమ్ముతారు, మీరు రెట్టింపు ఇచ్చి కొంటారు. సొన ఎర్రగా ఉండటం తిన్న ఆకుల వల్ల, మొక్కజొన్న వల్ల. పొదుగుడు గంపలో ఉరుములకు గుడ్లు మురుగుతాయని ఇనుప ముక్కా, బొగ్గూ, ఎండుమిరపకాయా పెడతారు. పెట్టుకోండి, నష్టం లేదు. ఏడో రోజున టార్చిలైటు ముందు పెట్టి ఏవి పిల్ల కట్టాయో చూసి, కట్టనివి తీసెయ్యడం మాత్రం చెయ్యండి.

బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో మన మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ వచ్చింది గదా, మరిచిపోయినట్టున్నారు. అప్పుడు రోగం వచ్చిన చోటు చుట్టూ కిలోమీటరు, పది కిలోమీటర్లు అని గీతలు గీశారు. ఆ గీతకు ఫారం కోడి, పెరటి కోడి అనే తేడా ఉండదు. కోళ్లు ఉన్నట్టుండి మూకుమ్మడిగా చస్తే కోసుకు తినకండి, కాలవలో విసరకండి, బంధువులకు పంపకండి. పశువుల ఆసుపత్రికి చెప్పండి. బాగా ఉడికిన మాంసం, గుడ్డు తినడానికి భయం లేదు.

చివరిది, అసలు అన్నిటికన్నా ముందు చెప్పవలసింది. ముంగిస దగ్గర సమయమంతా పోయింది. మీ కోళ్లను పిల్లులూ, పాములూ అన్నీ కలిసి చంపేదానికన్నా కొక్కెర తెగులు ఒక్కటే ఎక్కువ చంపుతుంది. మెడ మెలితిరిగి, పచ్చగా పారుతూ, నాలుగు రోజుల్లో వీధి వీధంతా ఖాళీ. అది వైరస్. పసుపు, చింతపండు రసం, మనుషుల యాంటీబయాటిక్ గొట్టాలు, ఇవేవీ దానికి పనిచెయ్యవు. ఉన్న మందు టీకా ఒక్కటే. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నెల లోపల ఇంకోసారి, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది. మరెందుకు వేయించరు? టీకా సీసాలో వంద కోళ్లకు సరిపడా మందుంటుంది, మీకున్నవి ఆరు కోళ్లు. సీసా విప్పితే రెండు గంటల్లో వాడెయ్యాలి. ఆరు కోళ్లకు సీసా ఎవరు విప్పుతారని అందరూ ఊరుకుంటారు. వీధిలో తగవులాడుకునే పది ఇళ్లవాళ్లే ఒకరోజు అనుకుని కోళ్లను గంపల కింద మూసి ఉంచితే, ఒక్క సీసాతో వీధి మొత్తానికి అయిపోతుంది.

గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకం పెట్టించాను. వీధి పేరు, ఇంట్లో కోళ్ల లెక్క రాసి వెళ్లండి. వంద పూర్తయిన వీధికి ఆదివారం పొద్దున ఆరింటికల్లా ఐస్ డబ్బాతో నేనే వస్తాను. కోళ్లను గూట్లోంచి వదలకుండా ఉంచండి. డాబాల మీదికి ఎక్కి పట్టుకునే వయసు కాదు నాది.