ఆకలివేళ

“ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు” అని మనవారి సామెత. దూరప్రయాణములు చేసినవారు దీనికి మరియొక మాట చేర్పవచ్చును: ఆకలి గడియారమును గూడ ఎరుగదు. ఇంట నున్నంతకాలము మన ఆకలికిని వంటయింటి వేళకును పొత్తు కుదిరియుండును. గడప దాటిన పిమ్మట ఆ వేళ మన చేతిలో నుండదు. పూర్వ మది పడవ సరంగు చేతిలో నుండెడిది. తరువాత రైలు ఆగు స్టేషను చేతిలోనికి పోయెను. నేడు విమానములోని పరిచారకుల చేతిలోనికి చేరెను. ఆ వేళను ప్రయాణికునికి తిరిగి యిచ్చుటను గూర్చియే ఈ నాలుగు మాటలు.

మా మండపేట, రామచంద్రపురము, రావులపాలెము ప్రాంతములలో పిల్లలు అమెరికాలో నుండగా, వారిని చూచుటకు తల్లిదండ్రులు పోయివచ్చు కుటుంబములు పెక్కు కలవు. రాజమహేంద్రవరమువద్ద మధురపూడిలో విమానమెక్కి హైదరాబాదునకును, అచటినుండి దుబాయి లేక దోహా మీదుగా అమెరికాకును పోవుదురు. దోహానుండి డల్లాసు చేరుటకు సుమారు 16 గంటలు పట్టును. సింగపూరునుండి న్యూయార్కునకు ఎక్కడను ఆగక పోవు విమానము 18 గంటలకు పైగా ఆకాశముననే యుండును. అన్ని గంటలు ఒకే చోట కూర్చుండువానికి భోజన మెప్పుడు వచ్చునను ప్రశ్న చిన్నది కాదు.

విమానములో తిండి యమ్ముట 1919వ సంవత్సరము అక్టోబరులో, లండనుకును పారిసుకును నడుమ ఆరంభమైనది. నాడు మూడు షిల్లింగు లిచ్చినవారికి ఒక పెట్టెలో చల్లని తినుబండారములు లభించెను. ఇప్పుడు బిజినెస్ క్లాసు, ఫస్టు క్లాసు అను ఖరీదైన తరగతులలో మర్యాద మరియొక విధముగా నున్నది. ప్రయాణికునికి వంటకముల జాబితా యిచ్చి, “ఏమి కావలెను, ఎప్పుడు కావలెను?” అని యడుగుదురు. ఎక్కగానే తినదలచినవాడు తినును. నిద్ర ముఖ్యమనుకొన్నవాడు పండుకొని, లేచిన పిమ్మట అడిగి తెప్పించుకొనును. కతార్ ఎయిర్‌వేస్ వారి బిజినెస్ క్లాసులో ఈ పద్ధతి కలదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారు పై తరగతుల ప్రయాణికులు ముఖ్యమైన వంటకమును కనీసము 24 గంటలు ముందుగనే యెన్నుకొను సదుపాయము కల్పించిరి.

ఇది యందరికిని ఏల జరుగదని శ్రోతలు అడుగవచ్చును. విమానములో పొయ్యి లేదు. అన్నము, కూరలు నేలమీది పెద్ద వంటశాలలో వండి, వెంటనే చల్లార్చి, శీతలముగా భద్రపరచి, చక్రముల పెట్టెలలో సర్ది పైకెక్కించుదురు. పైన చేయునదెల్ల వానిని వేడిగాలి పొయ్యిలలో మరల వెచ్చచేయుటయే. ఆ పొయ్యిలు కొన్నియే. అవి యుండు గది మన దేవుని గదియంత. ముందుభాగమున నలువది మంది యున్నచో, ఒక్కొక్కరి వేళను కాగితముమీద వ్రాసికొని నడపవచ్చును. వెనుకభాగమున రెండుమూడు వందలమంది యుందురు. ఇరుకు దారిలో బండి త్రోసికొనుచు, అందరికిని ఒక్కుమ్మడిగా వడ్డించి, పళ్లెములు తీసివేయవలసినదే. ఇందు పరిచారకుల దయాదాక్షిణ్యముల కొరత లేదు. ఇది చోటును, మనుష్యులను లెక్కవేసి పెట్టుకొన్న ఏర్పాటు. పై తరగతివారు ఎన్నో రెట్లు అధికముగా చెల్లించునది పరుపునకే కాదు, ఈ వేళకు గూడను.

అయినను వేళ యనునది విలాసము మాత్రమే యనరాదు. మండపేటలో మధ్యాహ్నము 12 గంటల 30 నిమిషములైనప్పుడు, వేసవికాలమున డల్లాసులో రాత్రి 2 గంటలగును. ఆకాశమున పోవువాని చేతిగడియారము నొక్క నిమిషములో మార్చవచ్చును. కడుపులోని గడియారము అంత త్వరగా మారదు. దానికి కొన్ని దినములు పట్టును. ఆరోగ్యవంతుడు ఈ తారుమారును ఎట్లో ఓర్చుకొనును. మధుమేహమునకు మందు వాడువారి స్థితి వేరు. వారి మాత్రకును అన్నమునకును ఎడబాటు కలిగినచో ప్రమాదము.

ఈ సంగతి మాకు అనుభవముననే తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట మేము, మా శ్రీమతి కూడి అమ్మాయిని చూచుటకు బయలుదేరితిమి. మాది సామాన్య తరగతి టిక్కెట్టు. హైదరాబాదులో విమానము కదలునప్పటికి తెల్లవారుజాము నాలుగు గంటలు. ఫలాహారము ఇప్పుడే వచ్చునను నమ్మకముతో ఆమె మాత్ర వేసికొని, అలసటచే నిద్రపోయెను. మాకును కన్ను మూతపడెను. మేలుకొని చూచునప్పటికి బండి వచ్చి పోయినది. పళ్లెములు తీసివేసి దీపములు తగ్గించిరి. అడుగుదమన్న మొగమాటము. అందరును తినిరి, మన యిద్దరికొరకు మరల తెమ్మనుట యెట్లని సంకోచించితిమి. అరగంటలో ఆమె చేతులు వణకెను, నుదుట చెమట పట్టెను. మనుమనికని సంచిలో పెట్టుకొన్న ఆత్రేయపురపు పూతరేకులే ఆ క్షణమున మందైనవి. అప్పుడు పిలువగా, పరిచారిక పరుగున వచ్చి, పండ్లరసమును, మాకై దాచియుంచిన రెండు పళ్లెములను తెచ్చెను. “నిద్రపోవుచున్నారని లేపలేదండీ. ముందే చెప్పియుండిన లేపియుందును గదా” అని యా బిడ్డ నొచ్చుకొనెను. తప్పు ఆమెది కాదు. అన్నము ఆ పరదా వెనుకనే యున్నది. అడుగు నోరు లేకపోయెను.

ఆ పళ్లెమును చేతబట్టుకొని మేము తలచుకొన్నది మా యూరి ఆడపడుచును. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. అడిగినవారికెల్ల అన్నము పెట్టుటచే ఆ తండ్రిని ఊరివారు బువ్వన్న యని పిలిచెడివారట. సీతమ్మగారు లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారిని వివాహమాడి ఆ యూరికి పోయిరి. నాటి కోనసీమలో పాయపాయకు పడవ దాటవలసినదే. వరద, గాలి, పడవవాని తీరిక, ఈ మూడును కుదిరినప్పుడే ప్రయాణము. ఆవలి యొడ్డు చేరునప్పటికి మధ్యాహ్నము దాటవచ్చును, అర్ధరాత్రియు కావచ్చును. ఆ వేళ తలుపు తట్టిన బాటసారికి సీతమ్మగారి యింట అన్నము దొరకెడిది. కులమేది, పని యేమి, ఇంత రాత్రి యేల వచ్చితివని అడుగుట లేదు.

ఆమెను గూర్చి కోనసీమలో నేటికిని చెప్పుకొను కథ యొకటి కలదు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకై ఆమె బయలుదేరి, దారిలో ఒకచోట ఆగిరట. అచటికి చేరిన బాటసారులు కొందరు, ఆకలితో ఏడ్చుచున్న పిల్లలను, “ఇంకెంత దూరము! గన్నవరము చేరిన సీతమ్మగారింట కడుపునిండ తినవచ్చును” అని ఓదార్చుట ఆమె చెవిని బడెను. స్వామి దర్శనము మానుకొని, ఆమె వెనుకకు మరలి, వారు వచ్చులోపల ఇల్లు చేరి వంట సిద్ధము చేయించిరట. ‘అతిథి’ యను మాటకు తిథి నియమము లేక వచ్చువాడని మన పెద్దలు అర్థము చెప్పుదురు. ఆ యర్థమును ఇంటి పొయ్యిమీద ఆచరించి చూపిన తల్లి యామె. 1909లో ఆమె పరమపదించిరి. గన్నవరమువద్ద వైనతేయ పాయపై నీటిని దాటించు నూతన అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే యుంచెను.

విమానములను నడపువారు సీతమ్మగారి వలె ఉచితముగా పెట్టవలెనని మేము కోరము. వారిది వ్యాపారము, ఆమెది వ్రతము. కాని ఆమె యింటి నియమములో ఒకదానిని వారును పాటింపవచ్చును: ఆలస్యముగా లేచినవాని పాలు వానికై యుంచుట. ఈ పని జరుగుచునే యున్నదని, అయితే అడిగినవారికే అందుచున్నదని మా యనుభవము తెలిపెను. కావున శ్రోతలకు కొన్ని సూచనలు చేసి ముగింతుము.

టిక్కెట్టు కొనునప్పుడే శాకాహారమో, మధుమేహులకు తగిన ఆహారమో కోరుకొనుడు. పెద్ద విమాన సంస్థలు పెక్కింటిలో దీనికి వేరుగా సొమ్ము తీసికొనరు. ప్రయాణమునకు కనీసము 24 గంటల ముందు తెలిపిన చాలును. కొన్ని సంస్థలు ఇంకను ముందుగా కోరవచ్చును. ఎక్కగానే పరిచారికతో, “నేను నిద్రపోయినను భోజనమునకు లేపుడు” అనియో, “లేపవద్దు, నా పళ్లెము ఉంచుడు” అనియో చెప్పుడు. మందులను, వైద్యుని చీటిని చేతిసంచిలో ఉంచుకొనుడు; అన్నము ఎదుటికి వచ్చిన పిదపనే మాత్ర వేసికొనుటను గూర్చి వైద్యుని ముందుగా అడుగుడు. పొడి తినుబండారములు కొన్ని దగ్గర నుండవలెను. నూనె తేలు ఆవకాయ సీసా మాత్రము పెద్ద పెట్టెలోనికే పోవలెను. చేతిసంచిలో నున్న తనిఖీవద్దనే నిలిపివేయుదురు.

అమెరికానుండి తల్లిదండ్రులకు టిక్కెట్లు పంపు బిడ్డలకు ఒక మాట. కిటికీవద్ద కుర్చీ కావలెనా యని మీరు తప్పక అడుగుదురు. దానితోపాటు, “అమ్మా, నీ మాత్ర వేళ యెప్పుడు?” అనియు అడుగుడు. ఆ సమాధానమును టిక్కెట్టు తీసికొనునప్పుడే విమానమువారికి తెలుపుడు. అడుగుటకు మొగమాటపడు తల్లికి బదులుగా, ఆ నాలుగు మాటలు మీరు ముందే చెప్పియుంచుడు.